హోలిక ఎవులు బాబూ? (ఉక్కునగరంలో మనవాళ్లు – 9)

కిందటి వారం టాటానగర్ స్టేషన్లో దిగిన మనవాళ్ల ట్రంకుపెట్టెలు విప్పి చూశాం. రాగిచెంబు, జంపఖానా, వెంకటేశ్వరస్వామి పటం, ఇంత చింతపండు. ఆ పెట్టెల్లో పట్టనివి ఇంకొన్ని ఉన్నాయి. అవి పండగలు. ఈ వారం వాటి సంగతి.

ఫాల్గుణ పున్నమి రాత్రి, జంషెడ్‌పూర్ భాలుబాసాలో ఒక కూడలి. భాలు అంటే ఎలుగుబంటి, బాసా అంటే బస. ఆ పేరు విని అడవి ఊహించుకుని వచ్చినవాడికి ఇక్కడ ఇరుకు సందులు, రేకుల ఇళ్లు, స్కూటర్లు కనిపిస్తాయి. ఒకవైపు అగ్రికో, ఇంకోవైపు సీతారామ్‌డేరా. నడివీధిలో ఆముదపు కొమ్మ పాతి, చుట్టూ ఎండుపుల్లలు, విరిగిన మంచంకోడు, ఎవరింటి నుంచో అడక్కుండా పట్టుకొచ్చిన తలుపు చెక్క పేర్చారు పిల్లలు. ఆ తలుపు ఎవరిదో అందరికీ తెలుసు. ఇవాళ ఎవరూ అడగరు. పైన పిడకలు. పిడకను ఇక్కడ గోయిఠా అంటారు. వాటి మధ్య నా కళ్లు ఒకచోట ఆగిపోయాయి. నడుమ చిల్లు పెట్టి, తాడుకు గుచ్చి, దండలా వేలాడదీసిన బుల్లి పిడకలు. అచ్చం మన భోగిపిడకల దండే.

నా పక్కన అరుగు మీద కూర్చున్న మామ్మది శ్రీకాకుళం వైపు పల్లె. పెళ్లై కాపురానికి వచ్చినప్పుడు ఆవిడకు పదహారేళ్లు. "కొత్తలో నానేటనుకున్నానో తెల్సా బాబూ? ఈ దేశంలో భోగి రెండుసార్లు సేస్తారు గావాల అనుకున్నాను" అని నవ్వింది. తర్వాత పక్కింటి బిహారీ ఆవిడ చెప్పిందట, ఇది భోగి కాదు, హోలికను కాలుస్తున్నాం అని. హోలిక హిరణ్యకశిపుడి చెల్లెలు. నిప్పు తనను కాల్చదని వరం ఉంది. మేనల్లుడు ప్రహ్లాదుణ్ని ఒళ్లో పెట్టుకుని మంటలో కూర్చుంది. మేనల్లుడు బతికాడు, మేనత్త కాలిపోయింది.

"మరి హోలిక ఎవులు బాబూ? మా అయ్య సెప్పిన పెల్లాదుడి కతలో మేనత్త నేదు. అప్పన్నబాబు ఉన్నాడు, కొండుంది, సముద్రముంది. మేనత్త ఏటి, ఎక్కడినించొచ్చింది?"

ఈ వారం వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

మామ్మ అనుమానంలో తప్పేమీ లేదు. మన పోతన భాగవతంలో సప్తమస్కంధం తిరగేయండి. హిరణ్యకశిపుడు కొడుకును ఏనుగులతో తొక్కించబోయాడు, పాములతో కరిపించబోయాడు, విషం పెట్టించాడు, కొండ మీదనుంచి తోయించాడు, మంటలో పడేయించాడు, సముద్రంలో ముంచించాడు. మంట ఉంది గానీ అందులో మేనత్త లేదు. సంస్కృత భాగవతంలోనూ లేదు. విష్ణుపురాణం ఇదే కథను ఇంకా విస్తరించి చెబుతుంది, అక్కడా లేదు. పైగా ఆ పురాణం హిరణ్యకశిపుడి చెల్లెలి పేరు సింహిక అంటుంది. ఆవిడ విప్రచిత్తి భార్య, రాహువు తల్లి. మంటలో కాలిన దాఖలా ఏమీ లేదు. కాబట్టి హోలిక కథ ఉత్తరాదిన జనం నోళ్లలో పెరిగి, ప్రహ్లాదుడి చరిత్రలోకి పక్కతలుపు గుండా వచ్చి కూర్చుందని నా నమ్మకం. అలా వచ్చినవాళ్లే ఒక్కోసారి ఇంటి యజమానుల కంటే బాగా స్థిరపడతారు.

మరి ఆవిడ రాకముందు ఆ మంటలో ఎవరు కాలేవారు?

భవిష్యపురాణపు ఉత్తరపర్వంలో ఫాల్గుణ పున్నమికి వేరే కథ ఉంది. ధర్మరాజు అడిగితే కృష్ణుడు చెబుతాడు. రఘుమహారాజు కాలంలో ఢుంఢ అనే రాక్షసి ఉండేదట. దేవతల వల్ల గానీ మనుషుల వల్ల గానీ ఆయుధాల వల్ల గానీ చావు లేకుండా శివుడి దగ్గర వరం తెచ్చుకుంది. పసిపిల్లల్ని పట్టి పీడించేది. వరాల్లో ఎప్పుడూ ఒక కంత ఉంటుంది కదా, ఢుంఢ వరంలో ఆ కంత పిల్లలే. చలి వెళ్లి ఎండ ముదిరే ఆ పున్నమి రాత్రి పిల్లలంతా కట్టెలు, పిడకలు పోగేసి నిప్పంటించాలి, చుట్టూ తిరగాలి, చప్పట్లు కొట్టాలి, నవ్వాలి, నోటికి వచ్చిన మాట అనాలి. ఆ గోలకు ఢుంఢ పారిపోతుంది. ఇదీ వసిష్ఠుడు రాజుకు చెప్పిన ఉపాయం.

భాలుబాసా కూడలిలో నిలబడి చూస్తే నాకు హోలిక కంటే ఢుంఢే ఎక్కువ కనిపించింది. అక్కడ పెద్దల పెత్తనం ఏమీ లేదు. కట్టెలు తెచ్చింది పిల్లలు, తలుపు ఎత్తుకొచ్చింది పిల్లలు, మంట చుట్టూ బూతులు తిట్టేది పిల్లలు. ఢోలక్ పెట్టుకుని జోగీరా పాటలు అందుకున్న పెద్దవాళ్ల నోళ్లూ ఆ రాత్రి శుద్ధంగా లేవు. వదినలు, మరుదులు, బావలు ఒకరి గుట్టు ఒకరు విప్పుకుంటున్నారు. మన తెలంగాణలో కామునిపున్నమికి పిల్లలు జాజిరి ఆడుతూ ఇంటింటికీ తిరిగి చందా అడిగితే, ఇవ్వని ఇంటివాళ్లకు దొరికే దీవెనలూ ఇలాంటివే. ఏడాది పొడుగునా నోరు కట్టుకున్న ఊరికి ఒక రాత్రి సెలవు.

ఇంకా వెనక్కి వెళితే రాక్షసి కూడా మాయమవుతుంది. భావప్రకాశం అనే వైద్యగ్రంథంలో హోలకం అనే మాట ఉంది. గడ్డిమంటలో సగం కాల్చిన కాయధాన్యం అని దాని అర్థం. ఇప్పటికీ ఈ ప్రాంతంలో పచ్చిశనగ కొమ్మలను మంటలో కాల్చుకు తింటే దాన్ని హోరహా అంటారు. నా కళ్లముందే ఒక ఆడమనిషి గుప్పెడు పచ్చిశనగ కొమ్మలు, నాలుగు గోధుమ వెన్నులు పొడుగు కర్రకు కట్టి మంటలోకి చాపింది. ఆకులు చిటపటమని ముడుచుకుపోయాయి. కాయలు నల్లబడ్డాయి. తీసి చల్లార్చి, తలా కొంచెం పంచింది. వేళ్లకు మసి, లోపల గింజ మాత్రం పచ్చగా, తియ్యగా. చేలో కొత్తగా పండినదాన్ని ముందు నిప్పుకు చూపించి తినడం ఈ పండగ అసలు రూపమైతే నాకు ఆశ్చర్యం లేదు. మేనత్తలు, రాక్షసులు తర్వాత వచ్చి చేరి ఉంటారు.

ఇక్కడ ఒక పాత తగువు గుర్తుచేయాలి, ఎందుకంటే అది నేరుగా భాలుబాసా తెలుగువాళ్ల గురించే అనిపిస్తుంది.

జైమిని మీమాంసాసూత్రాల్లో మొదటి అధ్యాయం, మూడో పాదంలో హోలాకాధికరణం అని ఒక చర్చ ఉంది. శబరస్వామి తన భాష్యంలో దాన్ని వివరిస్తాడు. హోలాక అనే పండగను ప్రాచ్యులు, అంటే తూర్పుదేశం వాళ్లు చేసుకుంటారు. దక్షిణాదివాళ్లకు, ఉత్తరాదివాళ్లకు వేరే ఆచారాలున్నాయి. అప్పుడు ప్రశ్న: హోలాక తూర్పువాళ్లకే ధర్మమా, అందరికీ ధర్మమా? తూర్పువాళ్లే చేస్తున్నారు కాబట్టి అది వాళ్ల వరకే అని ఒక పక్షం. దాని మీద ఎదురు ప్రశ్న: తూర్పువాడంటే ఎవడు? ఒంటి తీరు చూసి చెబుతావా? ఉన్న ఊరు చూసి చెబుతావా? ఊరు విడిచి వెళ్లినవాడి మాటేమిటి? వలస వచ్చినవాడి మాటేమిటి? చివరికి మీమాంసకులు తేల్చింది, ఆచారం మంచిదైతే దానికి దిక్కుల కంచె వేయకూడదు, అది అందరిదీ అని.

ఈ శాస్త్రచర్చ జరిగి పదిహేను వందల ఏళ్లు దాటి ఉంటుంది. అప్పటికే హోలాకను తూర్పుదేశపు పండగగా చెప్పుకున్నారు, వలస వచ్చినవాడు ఏం చేయాలన్న సందేహమూ అప్పటికే ఉంది. మామ్మకు శబరస్వామి ఎవరో తెలియదు. కాపురానికి వచ్చిన రెండో ఏట నుంచే ఆవిడ పక్కింటావిడతో కలిసి మంటకు ప్రదక్షిణం చేస్తోంది. సిద్ధాంతపక్షమే!

ఆవిడ పుట్టింటివాళ్లకు మాత్రం ఫాల్గుణ పున్నమి అంటే వేరే సంగతి. అక్కడ ఆ రోజు ఉయ్యాల పండగ.

సింహాచలంలో ఫాల్గుణ పున్నమి నాడు డోలోత్సవం. అప్పన్నస్వామి ఉత్సవమూర్తి కొండ దిగి వస్తాడు. పెళ్లి మాట అడగడానికి వస్తున్నాడని అక్కడ చెప్పుకుంటారు. స్వామికి వసంతం చల్లుతారు. ఆ తర్వాత చైత్ర శుద్ధ ఏకాదశికి కల్యాణం, వైశాఖ శుద్ధ తదియకు చందనోత్సవం. అంటే పున్నమి నాటి రంగు పెళ్లిపనులకు కొబ్బరికాయ కొట్టడమన్నమాట. ఇక ఆ కొండ కథ ఏమిటి? హిరణ్యకశిపుడి భటులు ప్రహ్లాదుణ్ని సముద్రంలో పడేసి, పైన కొండను వేశారు. స్వామి పరుగున వచ్చి కొండను ఎత్తి భక్తుణ్ని కాపాడాడు. ఆ కొండే సింహాచలం. ఉత్తరాంధ్ర పిల్లవాడికి ప్రహ్లాదుడి కథలో నిప్పు కంటే నీళ్లు ముఖ్యం. విశాఖ సముద్రం కనిపించే చోట చెప్పుకునే కథ మరి. సముద్రం ఎరగని బిహార్ పల్లెల్లో అదే పిల్లవాడికి పెద్ద గండం నిప్పు. మామ్మ అయ్య చెప్పిన కథలోని సముద్రం, కొండ ఇవే.

శ్రీకాకుళానికి దగ్గర్లోని శ్రీకూర్మంలో ఇంకో చిత్రం. అక్కడ డోలోత్సవం మూడు రోజుల పండగ. మొదటి రోజు కామదహనం. కూర్మనాథుడి గుడి ముంగిట శివుడి మూడో కంటి కథకు నిప్పంటిస్తారు. వైష్ణవమా, శైవమా అని అక్కడ ఎవరూ తగువు పడరు. జనం మాత్రం ఇసుక వేస్తే రాలనంత.

ఫాల్గుణ పున్నమి 1486లో నవద్వీపంలో చైతన్యుడు పుట్టిన రోజు కూడా. భాలుబాసా బెంగాలీలకు అది దోల్, గౌరపూర్ణిమ. ఆయన సన్యాసం తీసుకుని 1510లో పూరీ నుంచి దక్షిణయాత్రకు బయల్దేరి శ్రీకూర్మం వచ్చాడు, సింహాచలం వచ్చాడు, గోదావరి ఒడ్డున రామానందరాయలను కలిశాడు. కొన్నేళ్ల తర్వాత బృందావనం వెళ్లేటప్పుడు జనం తాకిడి లేని దారి కావాలని ఝారిఖండ అడవుల్లో నడిచాడు. ఆ నడకలో పులులు, లేళ్లు ఆయన వెంట చిందులేశాయని చైతన్యచరితామృతం రాసిన కృష్ణదాస కవిరాజు చెబుతాడు. ఎలుగుబంట్ల ఊసు ఉంటే భాలుబాసాకు ఒక స్థలపురాణం రాసేసేవాణ్ని. మనవాళ్లు రైలెక్కి ఖరగ్‌పూర్ మీదుగా ఇటు రావడానికి నాలుగు వందల ఏళ్ల ముందే ఒక మనిషి, అదీ హోలీ పున్నమి నాడు పుట్టినవాడు, ఆ కొండలనూ ఈ అడవులనూ కాళ్లతో కలిపి వెళ్లాడు.

కామదహనం దగ్గరికి మళ్లీ వస్తాను. అక్కడ నాకొక పట్టింపు ఉంది.

హోలిక కథలో మంట పండగే. దుర్మార్గురాలు కాలింది, పిల్లవాడు బతికాడు, రంగులు చల్లుకుందాం. కాముని కథ అంత సులువుగా తేలదు. తారకాసురుణ్ని చంపడానికి శివుడికి కొడుకు కావాలి. శివుడేమో తపస్సులో ఉన్నాడు. ఇంద్రుడు పంపితే మన్మథుడు వెళ్లి పూలబాణం ఎక్కుపెట్టాడు. శివుడు మూడో కన్ను తెరిచాడు. అందులో కాలిపోయినవాడు నేరస్థుడు కాదు. ఇతరుల పని మీద వెళ్లినవాడు, పైగా కొత్త వసంతాన్ని వెంటబెట్టుకు వెళ్లినవాడు. కాళిదాసు కుమారసంభవంలో మూడో సర్గలో మంట, నాలుగో సర్గ అంతా రతీదేవి ఏడుపే. అంటే తెలుగువాళ్ల మంట పక్కన ఒక భార్య నిలబడి ఉంది. చల్లుకునే రంగు గెలుపు సంబరం కాదు, ఒంటితో కాకపోయినా కాముడు తిరిగి వస్తాడన్న మాట దొరికినందుకు. రెండు కథల్లో నాకు ఇదే ఇష్టం. ఇందులో ఎవరినీ ద్వేషించక్కర్లేదు.

కర్నూలు జిల్లా ఆదోని దగ్గర సంతేకుడ్లూరులో హోలీకి మగవాళ్లు చీర కట్టి, నగలు పెట్టుకుని, పూలు ముడుచుకుని రతీమన్మథులను కొలుస్తారు. కోరిన కోరిక తీరితే అదీ మొక్కు. బోధన్ దగ్గర హున్సాలో అదే రోజు సాయంత్రం తాడుకు ఇటో జట్టు, అటో జట్టు నిలబడి పిడిగుద్దులు గుద్దుకుంటారు. ఆట అయ్యాక దెబ్బలకు కాముడి బూడిద రాసుకుని కౌగిలించుకుంటారు. ఒకే దేవుడికి ఒక ఊళ్లో చీర, ఇంకో ఊళ్లో పిడికిలి.

రాజుల వసంతోత్సవాల మాట చెప్పకపోతే చరిత్ర వ్యాసం అనిపించుకోదు గనుక క్లుప్తంగా. ఏడో శతాబ్దంలో హర్షుడు రాసిన రత్నావళి నాటిక కౌశాంబి వీధుల్లో రంగుపొడి, చిమ్మనగ్రోవులతోనే మొదలవుతుంది. కొండవీటిని 1386 నుంచి 1402 దాకా ఏలిన కుమారగిరిరెడ్డి ఏటేటా వసంతోత్సవాల్లో కర్పూరం వెదజల్లి కర్పూర వసంతరాయలు అనే బిరుదు తెచ్చుకున్నాడు. ఆ సుగంధద్రవ్యాలన్నీ సముద్రాల అవతలి నుంచి తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆయనకే. పదిహేనో శతాబ్దంలో విజయనగరం చూసిన వెనిస్ వర్తకుడు నికోలో కాంటి, దారిన పోయేవాళ్ల మీదే కాదు రాజారాణుల మీద కూడా కుంకుమపువ్వు నీళ్లు చల్లే మూడు రోజుల పండగ గురించి చెప్పాడు. మనకు హోలీ ఉత్తరాది నుంచి సినిమాలతో వచ్చిందనేవాళ్లు ఈ పేరా కత్తిరించి దాచుకోవచ్చు.

తెల్లారింది. భాలుబాసాలో రంగు ఒక్కసారిగా మొదలవదు. ముందు దుమ్ము. రాత్రి కాలిన మంటలోని బూడిద, వీధి మట్టి, బురద. దీన్ని ధుర్‌ఖేల్ అంటారు. పొద్దున్న ఎనిమిదింటికి ఎవరి మొహం ఎవరిదో తెలియదు. తర్వాత మధ్యాహ్నం దాకా నీళ్ల రంగులు. జార్ఖండ్ రాష్ట్రపు పువ్వు పలాశం, మన మోదుగ. ఒకప్పుడు ఆ పూలనే ఉడకబెట్టి రంగు తీసేవారు, తెలంగాణలో లాగే. ఇప్పుడు పొట్లాల రంగు, అదీ ఒక పట్టాన వదలదు. మాంసం కొట్టు ముందు వరుస సూర్యుడికంటే ముందే మొదలవుతుంది. మాంసం తిననివాళ్లకు పనసకాయ కూర. తీపికి పువా. సాయంత్రం స్నానాలు చేసి, తెల్లబట్టలు కట్టి అబీర్ పొట్లంతో బయల్దేరతారు. పెద్దవాళ్ల పాదాల మీద చిటికెడు, ఈడువాళ్ల బుగ్గల మీద చిటికెడు. పొద్దున బురదలో దొర్లించినవాడే సాయంత్రం కాళ్లకు దణ్ణం పెడతాడు. దుమ్ము, నీళ్లు, పొడి అన్న వరుసలో ఒక రోజంతా మర్యాదలోంచి బయటికి వెళ్లి, మళ్లీ మర్యాదలోకి రావడం ఉంది. నాకు ఈ వరుస తెలియక ఎనిమిదింటికి తెల్లచొక్కాతో వీధిలోకి వెళ్లాను. ఆ చొక్కా ఇప్పుడు మా ఇంట్లో సైకిలు తుడవడానికి ఉంది.

ఇక్కడివాళ్లంతా ఎక్కడినుంచో వచ్చినవాళ్లే. టాటా కంపెనీ 1907లో పుట్టింది, సాక్చి అనే పల్లె దగ్గర కొలిమి లేచింది, 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు కడ్డీ వచ్చింది, 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. ఈ మధ్యలో ఆరా, ఛప్రా, గంజాం, విశాఖపట్నం, రాయ్‌పూర్ వైపుల నుంచి జనం వచ్చి పడ్డారు. జార్ఖండ్ ముఖ్యమంత్రిగా 2014 నుంచి 2019 దాకా ఉన్న రఘువర్ దాస్ కుటుంబం ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చింది, తండ్రి టాటా కార్మికుడు, ఆయన చదివింది భాలుబాసా హరిజన హైస్కూల్లో. ఎవరి ఫాల్గుణం వాళ్లు తెచ్చుకున్నారు. ఛత్తీస్‌గఢ్‌వాళ్లు నగారా తెచ్చారు, భోజ్‌పురివాళ్లు జోగీరా, ఒడియావాళ్లు డోల. కొలిమికి మాత్రం ఏ పండగా లేదు, బ్లాస్ట్ ఫర్నేస్ ఆర్పరు కదా. డ్యూటీ పడినవాడు చెవుల వెనక గులాబీ రంగుతోనే షిఫ్టుకు వెళతాడు. ఊరికి సొంత పండగ ఒకటుంది, మార్చి 3, జంషెడ్‌జీ టాటా పుట్టినరోజు, దీపాల పండగ. 2018లో హోలీ మార్చి 2న వచ్చింది. దీపాల ఊరు, రంగుల ఊరు ఒకే వారంలో.

అందరికంటే ముందు ఇక్కడ ఉన్నవాళ్ల వసంతం వేరు. సంథాలీలది బాహా. బాహా అంటే పువ్వు. ఊరి పూజారి నాయకే జాహేర్ తోపులో కొత్త సాలపూలు దేవతలకు పెట్టేదాకా ఎవరూ ఆ పూలు తలలో పెట్టుకోరు. తర్వాత నీళ్లు చల్లుకుంటారు, వట్టి నీళ్లు. రంగు ఉండదు. వాళ్ల లెక్కలో పిల్లమీద రంగు పడటమంటే నుదుట సిందూరం పడినట్టే. పెళ్లికాని పిల్ల మీద కుర్రాడు రంగు పోస్తే పెళ్లి చేసుకోవాలి, లేదా తప్పు కట్టాలి. టాటానగర్ చుట్టుపక్కల పల్లెల్లో ఇది ఇప్పటికీ తెలిసినవాళ్లకు తెలుసు, తెలియని పట్నం కుర్రాళ్లు తెలుసుకుంటే మంచిది. ఉరావ్‌ల ఫగువాలో బూరుగుకొమ్మను పాతి, గడ్డి చుట్టి, కాల్చి, నరుకుతారు. వాళ్ల కథలో కాలేది మేనత్త కాదు. బూరుగుచెట్టు మీద గూడు కట్టుకుని పిల్లల్ని ఎత్తుకుపోయే రాకాసి గద్దలు. పిల్లల్ని పీడించే ఢుంఢ మళ్లీ గుర్తుకొచ్చిందా? నాకూ వచ్చింది.

హోలిక కాలిన మర్నాటి నుంచి భాలుబాసాలో ఒక వింత మొదలవుతుంది. పక్కపక్క ఇళ్లవాళ్లు పదిహేను రోజులపాటు వేర్వేరు నెలల్లో బతుకుతారు.

ఉత్తరాదివాళ్లకు నెల పున్నమితో ముగుస్తుంది. హోలిక కాలిన రాత్రితో ఫాల్గుణం అయిపోయింది, తెల్లారితే చైత్రం. వీధిలో చైతీ పాటలు వినబడతాయి. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది. అదే తెల్లారి మనకు ఫాల్గుణ బహుళ పాడ్యమి. పక్కింటావిడ "చైత్ ఆ గయా" అంటే మామ్మ "ఇంకా రానేదు" అంటుందట. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అమావాస్య దాటాక చైత్ర శుద్ధ పాడ్యమి దగ్గర రెండు లెక్కలూ మళ్లీ కలుస్తాయి. మనకు ఉగాది, వాళ్లకు విక్రమ సంవత్సరం, నవరాత్రి కలశం. ఆ నెల మంగళవారాల్లో ఒడియా ఆడవాళ్లు మంగళాదేవికి మొక్కుగా నదినుంచి కడవలతో నీళ్లు తెస్తుంటారు. ఒడియావాళ్ల కొత్త సంవత్సరం ఏప్రిల్ మధ్యలో పణా సంక్రాంతికి, దాని వెంటనే బెంగాలీల పొయిలా బొయిశాఖ్. ఒక్క వీధిలో ఏడాది మూడుసార్లు మొదలవుతుంది. ఇంటి అద్దె మాత్రం ఒకటో తారీకుకే.

ఉగాదికి రెండు రోజుల తర్వాత, చైత్ర శుద్ధ తదియ నాడు సర్‌హుల్. సీతారామ్‌డేరా ఉరావ్ కుటుంబాలకు అదే పెద్ద పండగ. వాళ్ల పూజారి పాహన్ సాలచెట్టు కింద కొత్తకుండల్లో నీళ్లు పోసి ఉంచి, మర్నాడు నీటి మట్టం చూసి ఆ ఏడు వానలు ఎలా ఉంటాయో చెబుతాడు. ఇంకో వీధిలో మన పంతులుగారు పంచాంగం విప్పి ఈ ఏడాది వాన ఎన్ని ఆఢకాలో, అందులో సముద్రం మీద ఎంతో, కొండల మీద ఎంతో, భూమి మీద ఎంతో లెక్క చెబుతారు. ఒకరు కుండలో చూస్తారు, ఒకరు పుస్తకంలో. ఇద్దరికీ కావలసింది ఒకటే వాన. కంపెనీ గేటు దాటి వంద ఏళ్లైనా, పొలం ముఖం చూడని నాలుగో తరం పిల్లలైనా, వానలెక్క దగ్గరికి వచ్చేసరికి అందరూ గబుక్కున నోరు మూసుకుని వింటారు.

ఆ తర్వాత శ్రీరామనవమి. బిష్టుపూర్‌లో మనవాళ్ల రామమందిరంలో కల్యాణం, పానకం, వడపప్పు. ఊరంతటా ఉత్తరాది అఖాడాల జెండాలు, కర్రసాములు, ఊరేగింపులు. ఈ వసంతం గురించి రాస్తూ 1979ని దాటేయడం నాకు చేతకాదు. ఊరేగింపు ఏ దారిన వెళ్లాలన్న తగువు అంతకుముందు ఏడాదే మొదలైంది. 1979 ఏప్రిల్ 11న మాన్గో వైపు ఊరేగింపు దగ్గర మొదలైన మతకలహం నగరమంతా పాకింది. ప్రభుత్వ లెక్కలో 108 మంది చనిపోయారు. జస్టిస్ జితేంద్ర నారాయణ్ కమిషన్ విచారణ జరిపింది. బిహార్‌లో కర్పూరీ ఠాకూర్ ప్రభుత్వం ఆ నెలలోనే పడిపోయింది. వేర్వేరు వసంతాలు ఒకే వీధిలో ఇమిడాయని ఇంతసేపూ చెప్పాను. ఇమడని ఏడు కూడా ఒకటుందని చెప్పకపోతే అబద్ధం అవుతుంది. ఆ సంగతికి ఒక పూర్తి వారం కేటాయించాలి. పన్నెండో భాగంలో వస్తుంది.

మామ్మ దగ్గరికి మళ్లీ వెళ్లింది ఉగాది పొద్దున. వీధి చివర వేపచెట్టు కింద రాత్రి పరిచిన పాతచీర మీద పువ్వు తెల్లగా రాలి ఉంది. దులిపి, పుల్లలు ఏరి, అరచేతుల్లో నలిపి రేకులు మాత్రం గిన్నెలో వేసింది. కొత్త చింతపండు, బెల్లం, మామిడిపిందె ముక్కలు. కత్తిపీట శ్రీకాకుళం నుంచి వచ్చిందే, చెక్క మాత్రం రెండుసార్లు మార్చారట. గూట్లో కాగితం పొట్లంలో హోలీ బూడిద చిటికెడు ఉంది. మనవడికి దిష్టి తగలకుండా, ఏడాదంతా దాచుతుందట. పక్కనే సింహాద్రి అప్పన్న పటం.

పక్కింటి ఆవిడ గిన్నె పట్టుకుని వచ్చింది. ఏటా వస్తుంది. ఒక చెంచా నోట్లో వేసుకుని, చేదుకు మొహం ముడుచుకుని, ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగనిది అడిగింది.

"మాయీ, యే ఉగాది కౌన్ థీ?"

ఉగాది ఎవరు అని. ఏ రాక్షసి, ఎవరి చెల్లెలు, ఎవరు చంపారు అని. మామ్మ నా వంక చూసింది. ఆ రోజు బ్రహ్మ సృష్టి మొదలుపెట్టాడని గ్రంథాల్లో ఉంది. అది చెప్పబోయాను. మామ్మ చెయ్యెత్తి ఆపి, కాసేపు ఆలోచించి, ఇంకో చెంచా పచ్చడి ఆవిడ గిన్నెలో వేసింది.

"కోయీ నహీ థీ. ఖా లే."